హౌ వి ఫీల్ యాప్: కేజీబీవీ ఇంగ్లీషు పిరియడ్‌లో వాడి చూశాక

"హౌ వి ఫీల్" అనేది ఫోన్‌లో వేసుకునే ఉచిత యాప్. ఇప్పుడు మీ మనసు ఎలా ఉంది అని అడుగుతుంది, దానికి సరిపోయే ఇంగ్లీషు మాట మనమే ఎంచుకునేలా చేస్తుంది. దాని అసలు పని అంతే. ఇది టీచర్ల కోసం చేసింది కాదు, ఇంగ్లీషు నేర్పడం కోసం అంతకన్నా కాదు. అయినా పోయిన జూన్‌లో బడి తెరిచినప్పటి నుంచి ఎనిమిది, తొమ్మిది తరగతుల ఇంగ్లీషు పిరియడ్‌కు దీన్ని ఆధారంగా పెట్టుకుని పాఠం చెబుతున్నాను. ట్రైనింగుల్లో, కాంప్లెక్స్ మీటింగుల్లో సోషల్ ఎమోషనల్ లెర్నింగ్ (ఎస్ఈఎల్, అంటే మన భావాలను, ఎదుటివాళ్ల భావాలను అర్థం చేసుకుని మెలగడం నేర్పే చదువు) గురించి పీపీటీలు చూసి, ఇంతకీ దీన్ని మన పిరియడ్‌లో ఎక్కడ పెట్టాలి అని ఆలోచించే ఇంగ్లీషు టీచర్లు చాలామంది ఉన్నారు. వాళ్ల కోసమే ఇంత వివరంగా రాస్తున్నాను.

నేను నారాయణపేట జిల్లాలో ఒక కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో (కేజీబీవీ) ఇంగ్లీషు సీఆర్‌టీని, అంటే కాంట్రాక్టు మీద పనిచేసే టీచర్‌ని. చదువు మధ్యలో ఆగిపోయిన, ఆగిపోయే ప్రమాదమున్న పేదింటి ఆడపిల్లల కోసం 2004లో కేంద్రం మొదలుపెట్టిన హాస్టల్ బడులు ఇవి. మా అమ్మాయిల్లో చాలామంది తల్లిదండ్రులు పుణె, ముంబై, బెంగళూరుకు కూలిపనులకు పోయినవాళ్లే. కర్ణాటక పక్కనే కాబట్టి తెలుగు, కన్నడ, లంబాడీ, ఉర్దూ అన్నీ ఒకే బెంచీ మీద వినిపిస్తాయి. ఇంగ్లీషు వీళ్లకు మూడో భాషో నాలుగో భాషో అవుతుంది.

ఇంగ్లీషు టీచర్‌గా నన్ను ఎప్పటి నుంచో బాధపెడుతున్నది డైరీ ఎంట్రీ. పదో తరగతి పరీక్షకు తయారు చేసే డిస్కోర్సుల్లో, అంటే సొంతంగా రాసే రకరకాల రాతల్లో, అదొకటి. పాఠంలోని ఒక పాత్ర ఆ రోజు రాత్రి తన డైరీలో ఏం రాసుకుంటుందో రాయాలి. మన పిల్లలు రాసేది గైడులో ఉన్న ఒకే ఒక్క వాక్యం: "టుడే ఈజ్ ఏన్ అన్‌ఫర్గెటబుల్ డే ఇన్ మై లైఫ్." పాత్రకు ప్రైజు వచ్చినా అదే, ఇంట్లో మనిషి పోయినా అదే. తర్వాత "ఐ యామ్ వెరీ హ్యాపీ", కాదంటే "ఐ యామ్ వెరీ శాడ్". గ్రామర్ తప్పుండదు, మార్కులు కూడా పడతాయి. కానీ అందులో రాసిన పిల్ల ఎక్కడా కనిపించదు. ఇది కేవలం మాటలు రాకపోవడం వల్ల వచ్చిన ఇబ్బంది కాదు. తప్పు మాట్లాడితే నవ్వుతారన్న భయం, సొంత సంగతి చెబితే పదిమందికీ తెలుస్తుందన్న భయం కూడా ఉన్నాయి. భయపడే మనసుకు ఎంత మంచి పాఠం చెప్పినా భాష లోపలికి దిగదని భాషా శాస్త్రవేత్త స్టీఫెన్ క్రాషెన్ 1980లలోనే చెప్పాడు, అఫెక్టివ్ ఫిల్టర్ అని బీఈడీలో మనమంతా చదివి పరీక్షలో రాసిందే. చదివినదాన్ని క్లాసులో పని చేయించే వస్తువు నాకు దొరకలేదు, ఈ యాప్ చూసేదాకా.

యాప్ సంగతి చెబుతాను. దీని వెనకున్నది లాభాపేక్ష లేని సంస్థ. 2020లో ఇదే పేరుతో కొవిడ్ లక్షణాలు నమోదు చేసుకునే యాప్‌గా మొదలైంది. పింటరెస్ట్ మొదలుపెట్టినవాళ్లలో ఒకరైన బెన్ సిల్బర్‌మాన్ దీని వెనక ఉన్నారు. తర్వాత యేల్ విశ్వవిద్యాలయంలో సెంటర్ ఫర్ ఎమోషనల్ ఇంటెలిజెన్స్ నడిపే మార్క్ బ్రాకెట్‌తో కలిసి 2022లో మనసు సంగతులు రాసుకునే యాప్‌గా తెచ్చారు. యాడ్స్ లేవు, మధ్యలో డబ్బు కట్టమనే గోల లేదు. ఉచితం అని చెప్పి నాలుగో రోజు తాళం వేసే యాప్‌లు చూసి చూసి ఉన్నాం కాబట్టి ఇది ముందే చెబుతున్నాను.

చెక్ ఇన్ నొక్కితే నాలుగు రంగులు వస్తాయి. ఒంట్లో ఊపు ఎక్కువగా ఉండి మనసుకు బాగాలేకపోతే ఎరుపు. ఊపు ఉంది, మనసుకు బాగుంది, అది పసుపు. ఊపు లేదు, బాగాలేదు, అది నీలం. ఊపు తగ్గినా హాయిగా ఉంటే ఆకుపచ్చ. భావాలను ఇలా రెండు గీతల మీద అమర్చి చూపించినవాడు జేమ్స్ రస్సెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, 1980లో. యేల్ వాళ్లు ఆ పద్ధతిలోనే బడుల కోసం మూడ్ మీటర్ తయారు చేసి రూలర్ అనే తమ కార్యక్రమంలో వాడుతున్నారు. యాప్‌లో ఉన్నదీ అదే బొమ్మ.

రంగు ఎంచుకున్నాక మాటలు గుండ్రటి బిళ్లల్లా తెరంతా పరుచుకుంటాయి. అన్ని రంగులూ కలిపి 144 మాటలు. వేలితో జరుపుతూ పోతే ఏ మాట దగ్గర ఆగితే దాని అర్థం చిన్న వాక్యంలో కనిపిస్తుంది. మాట ఎంచుకున్నాక ఎవరితో ఉన్నాను, ఎక్కడ ఉన్నాను, ఏం చేస్తున్నాను అని గుర్తు పెట్టుకోవచ్చు, నాలుగు ముక్కలు రాసుకోవచ్చు.

ఇంగ్లీషు టీచర్‌గా నాకు బాగా నచ్చింది మాటల అమరిక. పాఠం చివర గ్లాసరీలో ఏంగ్రీకి ఎదురుగా ఇంకో మాట రాసి ఉంటుంది, పిల్లలు రెండూ ఒకటే అనుకుని బట్టీ పడతారు. ఇక్కడ అలా కాదు. ఎరుపులోనే చిరాకుకు దగ్గరి మాటలు ఒక వైపు, ఒళ్లు తెలియని కోపానికి దగ్గరివి ఇంకో వైపు ఉంటాయి. ఫ్రస్ట్రేటెడ్ ఎక్కడుందో, ఫ్యూరియస్ ఎక్కడుందో చూస్తేనే రెండింటి బరువు తేడా తెలుస్తుంది. అర్థం వివరించడానికి నాకు పట్టే సమయం సగానికి సగం తగ్గింది. ఇంకో సంగతి. భావానికి మాట పెట్టడం వల్లే మనసు కొంత నెమ్మదిస్తుందని చెప్పే పరిశోధనలున్నాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, లాస్ ఏంజెలెస్‌లో మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో మెదడు స్కానులతో చేసిన పని అందులో బాగా తెలిసినది. కోపంగా, భయంగా ఉన్న ముఖాల బొమ్మలు చూపించి, ఆ భావానికి పేరు పెట్టమన్నప్పుడు మెదడులో భయానికి సంబంధించిన అమిగ్డలా భాగం చురుకుదనం తగ్గిందని చూశారు. అంటే కొత్త మాట నేర్పడం, మనసు కుదుటపరచడం రెండు వేర్వేరు పనులుగా పెట్టుకోనక్కర్లేదు. ఒకే పదినిమిషాల్లో రెండూ జరగొచ్చు.

ఇక క్లాసులో ఎలా వాడానో చెబుతాను, అసలు రాయాల్సింది ఇదే.

మా పిల్లలకు ఫోన్లు లేవు, ఉండకూడదు కూడా. కాబట్టి యాప్ నా ఫోన్‌లోనే ఉంది. అందులోంచి రంగుకు 6 చొప్పున 24 మాటలు ఏరి డ్రాయింగ్ షీటు మీద రాసి గోడకు అంటించాం. డిస్అపాయింటెడ్, లోన్లీ, ఫ్రస్ట్రేటెడ్, హోప్‌ఫుల్, గ్రేట్‌ఫుల్, కామ్ లాంటివి. ఎక్కువైతే ఏ ఒక్కటీ నోట నిలవదు. యాప్‌లో అర్థం చెప్పే వాక్యాల్లో కూడా కొన్నిసార్లు కష్టమైన మాటలు పడతాయి, అందుకని ఒక్కోదానికి పిల్లలతోనే హాస్టల్ జీవితంలోంచి ఒక సందర్భం రాయించాను. డిస్అపాయింటెడ్ పక్కన వాళ్లు రాసింది: "మై నేమ్ ఈజ్ నాట్ ఇన్ ది కబడ్డీ టీమ్ లిస్ట్." డిక్షనరీ అర్థం కన్నా ఇది నయం.

తర్వాత వంటింట్లోంచి నాలుగు ప్లాస్టిక్ డబ్బాలు తెచ్చి నాలుగు రంగుల కాగితాలు చుట్టాం, మూతలకు చీలిక పెట్టాం. పక్కన గిన్నెలో చింతగింజలు. పిరియడ్ మొదలవగానే ఒక్కొక్కరు వచ్చి ఆ రోజు తమ రంగు డబ్బాలో ఒక గింజ వేసి కూర్చుంటారు. ఎవరు ఎందులో వేశారో మిగతావాళ్లకు కనబడకుండా డబ్బాలను తలుపు వెనక అలమారలో పెట్టాను. టీచర్ కూడా వేయాల్సిందే. ఇష్టం లేని పిల్ల గింజ వేయకుండా పోవచ్చు, ఎందుకని అడిగేది లేదు.

అందరూ వేశాక ఇద్దరు అమ్మాయిలు లెక్కపెట్టి బోర్డు మీద అంకెలు రాస్తారు. అక్కడి నుంచి ఇంగ్లీషు మొదలవుతుంది. "మోస్ట్ ఆఫ్ అజ్ ఆర్ ఇన్ ది బ్లూ టుడే." "ఎ ఫ్యూ ఆఫ్ అజ్ ఆర్ ఇన్ ది యెల్లో." "వన్ ఆఫ్ అజ్ ఈజ్ ఇన్ ది రెడ్." ఆ చివరి వాక్యంలో ఈజ్ రావాలా ఆర్ రావాలా అన్నది ఎడిటింగ్ ప్రశ్నల్లో ఎన్నేళ్లుగానో మన పిల్లలు తప్పే చోటు. ఇప్పుడు మా క్లాసులో ఆ తప్పు దాదాపు పోయింది, ఎందుకంటే వాళ్లకు ఆ ఒక్కరి మీద నిజంగా ధ్యాస ఉంటుంది.

రెండో అడుగు, కారణం ఊహించడం. ఎవరూ తన గురించి చెప్పక్కర్లేదు. "దే మైట్ బి", "ఇట్ కుడ్ బి" అని మొదలుపెట్టి, నీలంలో ఉన్నవాళ్లు ఎందుకు అలా ఉండొచ్చో చెప్పాలి. మోడల్ వెర్బ్స్ పాఠం మొత్తం ఇందులోనే అయిపోతుంది.

సోమవారం నీలం డబ్బా ఎప్పుడూ బరువుగా ఉంటుంది. ఆదివారం ఇళ్లకు ఫోన్లు మాట్లాడుకునే రోజు. ఒక సోమవారం, క్లాసులో నోరు విప్పని ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి చెయ్యెత్తింది. "సమ్ ఆఫ్ అజ్ మైట్ బి లోన్లీ బికాజ్ ఫోన్ నాట్ కనెక్టింగ్." చెప్పి వెంటనే కూర్చుంది. ఆ పిల్ల తన సంగతే చెబుతోందని నాకు తెలుసు, పక్క బెంచీ వాళ్లకూ తెలిసే ఉంటుంది. ఎవరూ తిరిగి చూడలేదు. ఇంకొకామె అందుకుని, "దెయిర్ ఫాదర్ మైట్ బి వర్కింగ్ ఆన్ సండే ఆల్సో" అంది. ఆ రోజు వాక్యాలు దిద్దలేదు. మరునాడు "ది కాల్ డిడ్ నాట్ గో త్రూ" అని బోర్డు మీద రాసి, ఎవరి పేరూ ఎత్తకుండా అందరితో చెప్పించాను. వారం తిరక్కుండా ఆ వాక్యం హాస్టల్ అంతా పాకింది.

ఇక్కడే యాప్‌తో నేను విడిపోయేది. యాప్ ప్రతిసారీ "మీరు" ఎలా ఉన్నారని అడుగుతుంది. ఒంటరిగా కూర్చుని ఫోన్ చూసుకునే పెద్దవాళ్లకు అది సరైన ప్రశ్న. ముప్పై నలభై మంది ఎదురుగా నిలబడ్డ పద్నాలుగేళ్ల పిల్లకు అది గుండె దడ పుట్టించే ప్రశ్న. క్లాసులో అడగాల్సింది "మనలో కొందరు" ఎలా ఉండి ఉంటారని. "సమ్ ఆఫ్ అజ్", "మైట్ బి" అనే రెండు చిన్న ముక్కల చాటున పిల్ల తన నిజం చెప్పేయగలదు, చెప్పినట్టు బయటపడకుండానే. పైగా అది తన సొంత భాష కూడా కాదు కాబట్టి ఇంకొంచెం ఎడం దొరుకుతుంది. ఇంగ్లీషు పిరియడ్‌కు ఉన్న ఈ బలం తెలుగు పిరియడ్‌కు లేదని నాకనిపించింది. ఈ పనిని విలువల పిరియడ్ అనో ఇంకో పేరుతోనో విడిగా పెట్టడం కన్నా ఇంగ్లీషు పిరియడ్‌లోనే కలపడం మంచిదని నేననేది అందుకే.

అలాగని ముందే ఇంగ్లీషులో చెప్పమని పట్టుబట్టకూడదు. మా దగ్గర పక్క అమ్మాయితో లంబాడీలోనో కన్నడంలోనో ముందు మాట్లాడుకుంటారు, ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఇంగ్లీషు వాక్యం కడతారు. ఇంగ్లీషు మీడియం బడిలో ఇదేంటి అని అడిగినవాళ్లకు నేను చెప్పే జవాబు ఒకటే, చెప్పడానికి లోపల ఏదో ఉన్న పిల్లే వాక్యం కడుతుంది.

నల్లాల దగ్గర గొడవలకు కూడా ఇది పనికొచ్చింది. పొద్దున స్నానాల వేళ బకెట్ల లైను మా హాస్టల్లో పెద్ద యుద్ధం. ఇద్దరు ఎనిమిదో తరగతి పిల్లలు అలా కొట్టుకుని, ముఖాలు మాడ్చుకుని క్లాసుకు వచ్చారు. వాళ్లను అడిగి, ఒప్పుకున్నాకే, ఆ గొడవను పాఠంగా తీసుకున్నాను. చట్రం బోర్డు మీద ఉంది: "ఐ ఫెల్ట్ డాష్ వెన్ యు డాష్ బికాజ్ డాష్." మొదటి పిల్ల చాలాసేపు గోడ మీది చార్టు చూసింది. ఎరుపులో చూసి, మళ్లీ నీలంలోకి వచ్చింది. "ఐ ఫెల్ట్ హర్ట్ వెన్ యు మూవ్డ్ మై బకెట్ బికాజ్ యు ఆర్ మై ఫ్రెండ్." హర్ట్ అనే మాట మా చార్టులో లేదు, ఎక్కడో విన్నదే తెచ్చుకుంది. రెండో పిల్ల సమాధానం చెప్పే ముందు ఆ మాటను తిప్పి అనాలి, అది నియమం: "యు ఫెల్ట్ హర్ట్ వెన్ ఐ మూవ్డ్ యువర్ బకెట్." ఐ ఎక్కడ యు అవుతుంది, మై ఎక్కడ యువర్ అవుతుంది అన్న రిపోర్టెడ్ స్పీచ్ కసరత్తు అది. నోటితో ఆ వాక్యం పలికాక రెండో పిల్లకు కోపం నిలవలేదు. "సారీ" అనమని నేను అనలేదు. "రేపటి నుంచి ఇద్దరం ఒకటే బకెట్ పెడతం టీచర్" అని తెలుగులో తేల్చేశారు.

యాప్‌లో ఇంకో భాగం ఉంది, టూల్స్ అని. ఆలోచన మార్చుకోవడానికి, ఒళ్లు కదిలించడానికి, మనసు నిలుపుకోవడానికి, మనుషులకు దగ్గర కావడానికి చిన్న చిన్న వీడియోలు. కొన్ని నిమిషంలో అయిపోతాయి. పెద్దవాళ్లకు మంచివి, నేను నైట్ డ్యూటీ రోజుల్లో ఊపిరి మీద ధ్యాస పెట్టేవి చేస్తాను. మన పిల్లలకు మాత్రం నేరుగా పెట్టలేం. అమెరికా ఉచ్చారణ వేగం ఒకటి, అందులోని జీవితం ఇంకొకటి. తనకంటూ ఒక గది, తలుపు వేసుకునే వీలు, ఫోన్ తీసి స్నేహితులకు మెసేజ్ పెట్టే వీలు ఉన్న మనిషిని ఊహించుకుని చేసినట్టుంటుంది. ఒకే హాల్లో ఇంతమంది పడుకునే చోట ఒంటరిగా కాసేపు కూర్చో అంటే ఎక్కడ కూర్చుంటారు?

అందుకని ఆ భాగాన్ని పిల్లలతోనే కొత్తగా రాయించాను. "థింగ్స్ దట్ హెల్ప్ అజ్" అని ఇంకో చార్టు. క్రియకు ఐఎన్‌జీ చేర్చి నామవాచకంలా వాడటం ఆ వారం వ్యాకరణ పాఠం, అది కూడా కలిసొచ్చింది. "ప్లెయిటింగ్ మై ఫ్రెండ్స్ హెయిర్ హెల్ప్స్ మీ." "వాషింగ్ మై ఫేస్ హెల్ప్స్ మీ." "డ్రాయింగ్ ముగ్గు హెల్ప్స్ మీ." "సిటింగ్ నియర్ ది వేపచెట్టు." ముగ్గును, వేపచెట్టును మార్చమని నేను చెప్పలేదు. జడ వేయడం మాత్రం నేను ఊహించనిది. తల నొప్పిగా, మనసు బాగాలేనప్పుడు ఒకరి తల ఒకరు దువ్వుకుంటారట, మాట్లాడకపోయినా సరిపోతుందట. ఏ నిపుణుడి వీడియోలోనూ ఇది దొరకదు. యాప్ వాళ్లు చెప్పే మనుషులకు దగ్గర కావడం అన్నది మా పిల్లలకు ఎప్పటి నుంచో తెలుసు.

దీన్ని దేనితో పోల్చాలంటే, ఇదివరకు ఒక ప్రైవేటు ప్రచురణకర్త ఎస్ఈఎల్ వర్క్‌బుక్కు నేను కొన్నాళ్లు చూశాను. రంగురంగుల బొమ్మలు, ప్రతి పేజీకీ ఒక నీతి. పాఠం చివర "నేను ఎంత దయగా ఉన్నాను" అని పిల్ల తనకు తాను నక్షత్రాలు వేసుకోవాలి, టీచర్ సంతకం పెట్టాలి. పిల్లలు అయిదుకు అయిదు వేసుకుంటారు, ఇంకేం వేసుకుంటారు? అందులో చిరునవ్వు ముఖం మంచిది, కోపపు ముఖం చెడ్డది అని చెప్పకనే చెప్పినట్టుంటుంది. హౌ వి ఫీల్‌లో ఆ తప్పు లేదు. నాలుగు రంగుల్లో ఏదీ తప్పు రంగు కాదు. కోపం రావడం తప్పు కాదు, దాంతో ఏం చేశామన్నది వేరే ప్రశ్న. ఆడపిల్లలకు ఈ సంగతి ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి, మన ఇళ్లలో వాళ్లకు కోపం తప్ప అన్నీ నేర్పుతారు.

సిలబస్ ఎలా అవుతుంది అని తోటి టీచర్లు అడుగుతారు. మంచి ప్రశ్నే. మొత్తం పిరియడ్ దీనికి ఇవ్వడం లేదు, మొదటి పది నిమిషాలే, అదీ వారానికి రెండు మూడు రోజులే. ఆ పది నిమిషాల్లో వచ్చేవి ఎలాగూ నేను చెప్పాల్సిన గ్రామర్ అంశాలే. ఎస్ఈఎల్ వల్ల చదువు వెనకబడుతుందా అన్నదానికి జోసెఫ్ డర్లక్, ఆయన తోటివాళ్లు 2011లో ప్రచురించిన పెద్ద విశ్లేషణ ఉంది. 213 కార్యక్రమాలు, 2,70,034 మంది విద్యార్థులు. పాల్గొన్న పిల్లలు చదువులో పర్సెంటైల్ లెక్కన 11 పాయింట్లు ముందున్నారని తేలింది. అయితే అవి బడుల్లో పద్ధతి ప్రకారం నడిపిన కార్యక్రమాలు. ఒక యాప్ వేసుకుంటే ఆ ఫలితం వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

నా క్లాసులో నేను చూసిన మార్పు డైరీ ఎంట్రీలో. ఈమధ్య ఎఫ్ఏలో (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, ఏడాది మధ్యలో బడిలోనే మార్కులు వేసే మదింపు) ఒక అమ్మాయి పాఠంలోని పాత్ర గురించి ఇలా రాసింది: "ఐ యామ్ రిలీవ్డ్, బట్ ఐ యామ్ ఆల్సో గిల్టీ. నోబడీ నోస్." వెనకటి గైడు వాక్యం కన్నా చిన్నదే. కానీ ఒకే మనసులో రెండు భావాలు ఉండొచ్చని తెలుసుకుని, పాత్ర లోపలికి వెళ్లి రాసింది. నేను ఆ పేజీని స్టాఫ్ రూమ్‌లో అందరికీ చూపించాను. అందరూ ఇలా రాస్తున్నారని చెప్పను, గైడు వాక్యం ఇంకా సగం పేపర్లలో ఉంది.

మార్కుల సంగతి ఒకటి గట్టిగా చెప్పాలి. గింజల లెక్కకు, ఊహించిన కారణాలకు, గొడవ వాక్యాలకు ఎఫ్ఏ మార్కులు వేయొద్దు. ప్రాజెక్టు వర్కు కింద చూపించుకుందామన్న ఆలోచన వస్తుంది, రికార్డు కూడా అందంగా వస్తుంది. మార్కు పడిన రోజు నుంచి పిల్లలు టీచర్‌కు నచ్చే రంగే ఎంచుకుంటారు.

ఇంకో జాగ్రత్త ఇంతకన్నా ముఖ్యం. పిల్లల మనసు తలుపు తీస్తే లోపల ఏముందో మన చేతిలో ఉండదు. వరసగా రోజులు నీలంలో ఉన్న పిల్ల, ఇంటికి పోవాలంటే భయపడే పిల్ల, ఎవరో ముట్టుకున్నారని చెప్పే పిల్ల తగలొచ్చు. యాప్ డాక్టర్ కాదు, మనమూ కౌన్సెలర్లం కాము. లైంగిక వేధింపు సంగతి తెలిస్తే రహస్యంగా ఉంచుతానని మాట ఇవ్వడానికి వీల్లేదు, 2012 పోక్సో చట్టం ప్రకారం తెలియజేయడం మన బాధ్యత. పిల్లల సహాయానికి 1098, మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416 ఉన్నాయి. మొదటి రోజే ఈ రెండు నంబర్లు చార్టు కింద పెద్ద అక్షరాలతో రాసి, "కొన్ని సంగతులు నేను పెద్దవాళ్లకు చెప్పాల్సి ఉంటుంది, అది మిమ్మల్ని కాపాడటానికే" అని పిల్లలకు తెలుగులో స్పష్టంగా చెప్పాను. ఈ పని చేయడానికి ధైర్యం చాలనివాళ్లు డబ్బాలు పెట్టకపోవడమే మంచిది.

ఫోన్ వరకు వస్తే, చెక్ ఇన్ చేసేటప్పుడు నోట్సులో పిల్లల పేర్లు, వాళ్లు చెప్పిన విషయాలు రాయకండి. అది మీ సంగతులు రాసుకునే చోటు. స్నేహితులతో పంచుకునే సౌకర్యం కూడా ఉంది, మన పనికి దాంతో అవసరం లేదు.

పెద్దవాళ్లు తమ కోసం వాడుకునే యాప్‌గా అయిదుకు నాలుగున్నర ఇస్తాను. ఉన్నదున్నట్టు క్లాసులోకి తెచ్చే వస్తువుగా అయితే మూడు. నేను వాడేదాంట్లో మాటలన్నీ ఇంగ్లీషే కావడం మన పాఠానికి మేలే, కానీ మాట పక్కన పలికి వినిపించే బొత్తాం ఒకటుంటే ఇంగ్లీషు టీచర్లకు ఎంత సాయంగా ఉండేదో. ఒక టీచర్ క్లాసు మొత్తం లెక్కను పేర్లు లేకుండా పెట్టుకునే వీలు కూడా ఉండాలి. అది లేదు కాబట్టే చింతగింజలు.

ఆరో తరగతికి చెప్పేవాళ్లు 24 మాటలు పెట్టకండి, రంగుకు రెండు చాలు. బోర్డు మీద వాక్యం కూడా "సమ్ ఆఫ్ అజ్ ఆర్ టయర్డ్" దగ్గర ఆపేయండి, మైట్ బి జోలికి దసరా సెలవుల తర్వాత వెళ్లొచ్చు. యాప్ ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ దొరుకుతుంది. ముందు కొన్ని రోజులు మీ కోసం మీరు వాడండి, మీకే మాట దొరకని రోజు ఒకటి వస్తుంది, అప్పుడు క్లాసులో పిల్ల ఎందుకు అంతసేపు చార్టు చూస్తుందో తెలుస్తుంది. ఆ తర్వాత డబ్బాలు కడగండి.